తడిచెత్త లేని ఊరు

తిరుపాలమ్మ ఈల ఊదితే చౌటకుంటపల్లిలో ముందుగా పలికేవి కుక్కలు, ఆ తర్వాత కోళ్లు. మనుషులు ఆఖరున వస్తారు, అదీ వట్టి చేతులు ఊపుకుంటూ. ఆమె తోసుకొచ్చే మూడు చక్రాల బండిలో రెండు డబ్బాలుంటాయి. నీలం డబ్బా పొడి చెత్తకు, పచ్చ డబ్బా తడి చెత్తకు. నీలం డబ్బాకు ఏ లోటూ లేదు. షాంపూ పొట్లాలు, చిప్స్ కవర్లు, పిల్లలు విరగ్గొట్టిన ప్లాస్టిక్ బొమ్మలు దండిగా పడతాయి. పచ్చ డబ్బా మాత్రం పంచాయతీవాళ్లు ఇచ్చిన రోజు ఎంత శుభ్రంగా ఉందో, ఆరు నెలలైనా అంతే శుభ్రంగా ఉంది. దాంట్లో నీళ్లు పోసిస్తే ఎవరైనా తాగుతారు.

తిరుపాలమ్మకు నలభై ఎనిమిదేళ్లు. భర్త గోవిందప్ప గొర్రెలు మేపుతాడు. నిరుడు దాకా ఊళ్లో ఆమెను పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. చిన్నప్పుడు ఫలానా వాళ్ల కూతురు, పెళ్లయ్యాక గోవిందప్ప పెండ్లాం, అంతే. ఇంటింటికీ తిరిగి చెత్త సేకరించే పనికి మనిషి కావాలని పంచాయతీలో చాటితే మగవాళ్లు మూతులు ముడుచుకున్నారు. ఆమె పోయి సంతకం పెట్టి చేరింది. పచ్చ కోటు ఇచ్చారు, మెడలో వేసుకోవడానికి ఈల ఇచ్చారు, కోటు జేబుకు 'హరిత రాయబారి తిరుపాలమ్మ' అని రాసిన కార్డు తగిలించారు. రాయబారి అంటే ఏమిటో ఆమెకు సరిగ్గా తెలియదు. కానీ ఆ కార్డు వచ్చినప్పటి నుంచి ఊరంతా ఆమెను పేరుతో పిలుస్తోంది. అదొక్కటే ఆమెకు గొప్ప. పని చేస్తే కాళ్లు లాగుతాయి గానీ నడకలో జోరు వచ్చిందని గోవిందప్ప అందరితో చెప్పి నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ, నిజమే కదా అనుకుంటుంది ఆమె.

పచ్చ డబ్బా ఖాళీగా ఉండడం ఆమె తప్పు కాదు, ఊరి తప్పు అంతకంటే కాదు. చౌటకుంటపల్లిలో తడి చెత్త అనే వస్తువే లేదు. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి పోతాయి, తొట్టి పాలిచ్చే ఎనుము ముందరికి పోతుంది. ఎనుము లేనివాళ్లు పక్కింటి ఎనుముకు పోస్తారు. పోసినందుకు ఆ ఇంటి నుంచి అప్పుడప్పుడు చెంబెడు మజ్జిగ వస్తుంది. అరటి తొక్క మేకకు, సంగటి మాడు కోళ్లకు. ఎనుము ముట్టనిది, మేక మూతి తిప్పుకున్నది, కోడి కెలికి వదిలేసినది పేడతో పాటు దిబ్బకు చేరుతుంది. దిబ్బ వానలకు ముందు చేనికి పోతుంది. పొయ్యిలో బూడిద అంట్లు తోమడానికి, పాత చీరలు బొంత కుట్టడానికి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు కూడా పారేయరు. చూరులో దోపి ఉంచుకుని, సైకిల్ మీద వచ్చేవాడికి ఇచ్చి పిన్నీసులు తీసుకుంటారు. ఇక రాయబారికి మిగిలేదేముంది?

ఈ సంగతి మీద మండలాఫీసులో శిక్షణ ఇచ్చిన రోజే ఆమెకు అనుమానం తగిలింది. ఆ రోజు గోడ మీద సినిమా వేసి రకరకాల దేశాలు చూపించారు. జపానులో ఒక ఊరివాళ్లు చెత్తను నలభైకి పైగా రకాలుగా వేరు చేస్తారట. పాల డబ్బాను కూడా కడిగి, ఆరబెట్టి, కత్తిరించి, కట్ట కట్టి ఇస్తారట. జర్మనీలో ఖాళీ సీసా తిరిగిస్తే అంగట్లో డబ్బులు వెనక్కి ఇస్తారట. స్వీడన్‌లో చెత్తను కాల్చి కరెంటు తీస్తారట, ఉన్న చెత్త చాలక పక్క దేశాల నుంచి ఓడల్లో తెప్పించుకుంటారట. హాలంతా చప్పట్లు కొట్టింది. తిరుపాలమ్మ కొట్టలేదు, వేళ్లు మడుస్తూ ఏదో లెక్క పెడుతోంది. ఎనుముకు, మేకకు, కోడికి, కుక్కకు, దిబ్బకు, అంట్లకు, బొంతకు, సైకిల్ వాడికి... రెండు చేతుల వేళ్లూ అయిపోతే పక్కన కూర్చున్నామె చెయ్యి లాక్కుని ఆ వేళ్లు కూడా మడిచింది.

"ఏమక్కా, ఏం లెక్క అది?" అని అడిగింది పక్కనామె.

"మా ఇంట్లో ఎన్ని రకాలుండాయో చూస్తాండా. మనమేం తక్కువోళ్లం కాదులే. మనకు సినిమా తీసేటోళ్లు లేరు, అంతే."

అసలు చిక్కు వానపాములతో వచ్చింది. ఊరి బయట రేకుల షెడ్డు వేసి, సిమెంటు తొట్లు కట్టి, తడి చెత్త పోసి ఎరువు తయారుచేయమని ఒక గోనెసంచి నిండా వానపాములు పంపారు. వాన చుక్క పడని ఊరికి వానపాములేందప్పా అని జనం నవ్వారు. తిరుపాలమ్మ నవ్వలేదు. తినడానికి ఏమీ లేక అవి చచ్చిపోతాయని రోజూ గంపెడు పేడ తెచ్చి, నీళ్లు చిలకరించి, తడి గోనె కప్పి సాకుతోంది.

ఒక సోమవారం పంచాయతీ సెక్రటరీ భరత్‌కుమార్ మోటార్ సైకిల్ దిగుతూనే మొహం వేలాడేశాడు. మంచివాడే, ఊళ్లో ఎవరినీ కసరడు. పైనుంచి ఫోన్ వస్తే మాత్రం ఆ రోజంతా అతనికి అన్నం సహించదు.

"అక్కా, శుక్రవారం జిల్లా నుంచి మేడం వస్తాండారు. ఆ పొద్దు నువ్వు ఇండ్లకాడ తెచ్చిన తడి చెత్తను ఆమె ముందరే తూకం వేయాల" అన్నాడు.

"ఎంతుండాల సార్?"

"ఎంతో కొంత ఉండాల కదక్కా. ఆరు నెలల నుంచి సున్నా రాసి పంపిస్తాండా. ఈ ఊరికి రాయబారి దండగని పైన అనుకుంటాండారు. ఈసారీ సున్నానే అంటే నీ పోస్టు తీసేస్తారు. కోటు, ఈల తిరిగిచ్చేయాల."

తిరుపాలమ్మ చెయ్యి దానంతటదే ఈల మీదికి పోయింది. ఆ క్షణంలో ఆమెకు వేసిన భయం ఇంతా అంతా కాదు. రేపటి నుంచి మళ్లీ 'గోవిందప్ప పెండ్లాం' అని పిలుస్తారు. ఆమె పేరు మళ్లీ రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా ఉండదు.

మర్నాడు పొద్దున్నే తొక్కలు అడుక్కోవడానికి బయలుదేరింది. మొదటి ఇల్లు హనుమంతప్పది. ఆయన వాకిట్లో ఎనుముకు కుడితి పెడుతున్నాడు.

"హనుమంతన్నా, శుక్రవారం దాకా మీ ఇంటి తొక్కలు నాకు ఇస్తావా?"

హనుమంతప్ప విషయమంతా విన్నాడు. గడ్డం గోక్కున్నాడు. "నాకేం అడ్డం లేదు తల్లీ. ఇది ఒప్పుకోవాల కదా" అని ఎనుము వైపు చూపించాడు. ఎనుము తొట్టిలోంచి మూతి తియ్యలేదు. రెండో ఇంట్లో మేక, మూడో ఇంట్లో కోళ్లు, నాలుగో ఇంట్లో చూడితో ఉన్న ఆవు. ఏ ఇంటికి పోయినా మనుషులు సరేననేవాళ్లే, వెనకాల నాలుగు కాళ్ల హక్కుదారులు నిలబడి చూసేవాళ్లే. నోరులేని జీవాల కూడు లాక్కుంటున్నానే అని ఆమెకు మనసు పీకింది కూడా.

చివరికి చిల్లరంగడి నాగరత్నమ్మ దగ్గరికి పోయి కూలబడింది. శెట్ల ఇంటి పెద్దావిడ నాగరత్నమ్మ. ఏ వారం తల స్నానం చెయ్యాలి, ఏ తిథికి ఏం వండాలి అన్నది ఊరు ఊరంతా ఆమెను అడిగే చేస్తుంది. ఆమె మాట అంటే పంచాయతీ తీర్మానం కంటే ఎక్కువ.

"పోస్టు పోతే కోటు ఇచ్చేయల్లంట పెద్దమ్మా" అంది తిరుపాలమ్మ.

"ఏంటికి పోతాది? ఊర్లో ఆడకూతురు పని పోతాంటే చూస్తా కూర్చుంటామా?" అని నాగరత్నమ్మ అంగడి ముందరికి వచ్చి నలుగురిని పిలిచింది. అక్కడికక్కడే తేల్చేసింది. బుధ, గురువారాలు ఏ ఇంట్లోనూ తొక్క అన్నది పశువుకు వేయకూడదు. అన్నీ బకెట్లో దాచిపెట్టి శుక్రవారం పొద్దున తిరుపాలమ్మ బండిలో వేయాలి.

ఊరు మాట నిలబెట్టుకుంది. రెండు రోజులు చౌటకుంటపల్లిలో ఎనుములు వట్టి జొన్న సొప్ప నమిలాయి. వంకాయ తొడిమ దగ్గర నుంచి చింతపండు పిప్పి దాకా ప్రతి ఇంట్లో తలుపు మూల బకెట్లో జమ అయ్యింది. గురువారం సాయంత్రం తిరుపాలమ్మ వీధి వీధీ తిరిగి చూసుకుని కడుపునిండా తృప్తి పడింది. అంత చెత్త ఒక్కచోట ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

శుక్రవారం పొద్దున కోటు ఉతికి వేసుకుని ఈల ఊదింది. కుక్కలు పలికాయి, కోళ్లు పలికాయి. మనుషులు గడపల దాకా వచ్చి ఆగిపోయారు. గడపలన్నీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. బకెట్లు లోపల కనిపిస్తూనే ఉన్నాయి, ఒక్కరూ తెచ్చివ్వరు. నాగరత్నమ్మ తన గడప మీద నెత్తిన చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది.

"శుక్రవారం కదే తిరుపాలూ" అంది.

తిరుపాలమ్మ ఈల నోట్లోంచి తీసేసింది. శుక్రవారం ఇంట్లోంచి ఏదీ గడప దాటకూడదు. ఊడ్చిన కసువును కూడా ఎత్తకుండా తలుపు మూలకు నెట్టి శనివారం పారేస్తారు. పారేస్తే దాని వెంట లక్ష్మి పోతుంది. శుక్రవారాల్లో తిరుపాలమ్మ కూడా ఎప్పుడూ వీధిలోకి రాదు, అది ఆమె బండి కడుక్కునే రోజు. ఇది ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. అయినా నాలుగు రోజులుగా శుక్రవారం, శుక్రవారం అని నూటపది ఇళ్లవాళ్లు చెప్పుకున్నారు గానీ, ఆ శుక్రవారం ఈ శుక్రవారమేనని ఒక్క బుర్రకు తట్టలేదు. ఊరికి పంచాంగం లాంటి నాగరత్నమ్మకే తట్టకపోతే ఇక ఎవరినని ఏం లాభం.

తిరుపాలమ్మ అంగడి మెట్టు మీద కూర్చుని ఏడ్చేసింది. నాగరత్నమ్మకు అది చూడబుద్ధి కాలేదు. తప్పు తనదేనని కూడా లోపల గుచ్చుకుంటోంది. కాసేపు వేళ్లు విరుచుకుంటూ ఆలోచించింది.

"కసువు పోకూడదు. ఉప్పు, పెరుగు, బియ్యం పోకూడదు. వండింది పోవచ్చు. శుక్రవారం పూట ఇంటికొచ్చిన ముత్తైదువకు వండింది పెట్టకుంటేనే తప్పు" అంది.

తిరుపాలమ్మ తలెత్తింది.

"వండింది తడిగానే ఉంటాది కదే?"

"ఉంటాది పెద్దమ్మా."

"మీ వానపాములు తింటాయా?"

"సంగటి పెడితే ఎవురొద్దంటారు?"

అరగంటలో అంగడి చుట్టూ ఉన్న పదిళ్లలో పొయ్యిలు రాజుకున్నాయి. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. బండి అన్ని ఇళ్ల ముందర ఆగుతుంది, ఎవరేం పెట్టారో అందరికీ కనిపిస్తుంది. ఒకామె వట్టి సంగటి తెచ్చి, పక్కామె చేతిలో వంకాయ పులుసు చూసి మళ్లీ లోపలికి పోయి నెయ్యి వేసుకొచ్చింది. ఇంకొకామె చెనిక్కాయల ఊరిబిండి నూరింది. దాన్ని చూసి ఎదురింటివాళ్లు బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేశారు. నాగరత్నమ్మ ఊరికి పెద్ద కాబట్టి పూర్ణం పెట్టిన ఓళిగలకు తగ్గలేదు. అన్నీ స్టీలు గిన్నెల్లో, పేర్లు కొట్టించిన గిన్నెల్లో, మూతలు పెట్టి మరీ ఇచ్చారు. పచ్చ డబ్బా మూత మీద అవి వరుసగా పేర్చుకుని తిరుపాలమ్మ మెల్లగా బండి తోసుకుంటూ పోయింది. "గిన్నెలు రేపు తెచ్చియ్యమ్మే" అని వెనక నుంచి కేకలు వినిపిస్తూనే ఉన్నాయి.

షెడ్డుకు పోయి ఒక గిన్నె మూత తీసింది. వేడి వేడి సంగటి మీద నెయ్యి కరుగుతోంది. వానపాముల తొట్టి దగ్గరికి తీసుకుపోయింది. వంచబోయింది. చెయ్యి వంగలేదు. తినే కూడు మట్టిలో పొయ్యడం ఆమె పుట్టినప్పటి నుంచి చూసి ఎరగదు, ఆమె వంశంలో ఎవరూ చేసి ఎరగరు. ఇంకోసారి ప్రయత్నించి వెనక్కి తెచ్చి పెట్టేసింది. ముందు తూకం కానీ, తర్వాత సంగతి చూద్దామని చాప పరిచి గిన్నెలన్నీ దాని మీద సర్దింది.

పది గంటలకు రావాల్సిన మేడం రెండు గంటలకు వచ్చింది. దారిలో జీపు టైరు పోయిందట. ఎండకు మొహం వడిలిపోయి, ఆకలికి కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఆమె వెనకాల డ్రైవరు, వాళ్ల వెనకాల బిక్కుబిక్కుమంటూ భరత్‌కుమార్. షెడ్డులో చాప, దాని మీద గిన్నెలు కనబడగానే భరత్‌కుమార్ ప్రాణం లేచి వచ్చింది. రాయబారి అంటే ఇట్లుండాల అనుకున్నాడు మనసులో.

"ముందు భోంచేద్దాం మేడం. మా తిరుపాలక్క ఏర్పాటు చేసినట్టుండాది."

"సార్, అది..." అంది తిరుపాలమ్మ.

"అన్నీ తర్వాతక్కా" అన్నాడు అతను. మేడం అప్పటికే చాప మీద కూర్చుంది.

ఇప్పుడేం చెప్పాలి? ఆకలితో వచ్చి అన్నం ముందర కూర్చున్న మనిషికి, లెయ్యండి, అది చెత్త అని చెప్పే నోరు ఆ సీమలో ఎవరికుంది? తిరుపాలమ్మ ఆకులు కడిగి వేసింది. వడ్డించింది. మేడం మొదటి ముద్దకే కళ్లు మూసుకుంది. ఊరిబిండి రెండుసార్లు అడిగి వేయించుకుంది. "ఇంగో ముద్ద పెట్టేదా మేడం" అని తిరుపాలమ్మ అడగడం, వద్దంటూనే ఆమె ఆకు ముందుకు జరపడం. డ్రైవరు మాటా పలుకూ లేకుండా నాలుగు ఓళిగలు లాగించాడు. గిన్నెల అడుగులు కనిపించాయి.

మేడం చేతులు కడుక్కుని, రిజిస్టరు తెరిచి, పెన్ను మూత తీసింది.

"ఇప్పుడు తడి చెత్త చూపించమ్మా."

తిరుపాలమ్మ గిన్నెల వంక చూసింది. "ఇంగ యాడిది మేడం. ఇప్పుడు మీరు తినింది అదే" అంది.

భరత్‌కుమార్‌కు తాగుతున్న నీళ్లు ముక్కులోకి ఎక్కాయి. డ్రైవరు టైరు చూసుకునే నెపంతో లేచిపోయాడు. మేడం పెన్నుకు మళ్లీ మూత పెట్టింది. తిరుపాలమ్మ ఇక దాచడం దేనికని మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఎనుముల పస్తు చెప్పింది, శుక్రవారం చెప్పింది, నాగరత్నమ్మ తీర్పు చెప్పింది, సంగటి వంచబోతే చెయ్యి వంగని సంగతి చెప్పింది. అంతా విన్నాక మేడం భుజాలు కదలడం మొదలయ్యాయి. ఏడుస్తోందేమోనని తిరుపాలమ్మ కంగారు పడింది. మేడం కళ్ల నీళ్లు వచ్చేట్టు నవ్వుతోంది.

నవ్వు ఆగాక లేచి ఊళ్లోకి నడిచింది. ఇంటింటికీ పోయి తొట్లు చూసింది, దిబ్బలు చూసింది, చూరులో వెంట్రుకల ఉండలు చూసింది. తలుపు మూలల్లో నిండు బకెట్లు, వాకిళ్లలో వాటి వైపే చూస్తున్న ఎనుములు. తిరిగొచ్చి రిజిస్టరులో పాత సున్నాలన్నీ కొట్టేసి, 'ఈ ఊళ్లో తడి చెత్త లేదు' అని రాసింది.

"అంటే నా పోస్టు పోయినట్టేనా మేడం?"

"ఈ ఊళ్లో పోయినట్టే."

తిరుపాలమ్మ ఈల మెడలోంచి తీయబోయింది. అయినా వదల్లేదు. "ఆ స్వీడనోల్లు చెత్త లేకుంటే పక్కదేశం నుంచి తెప్పించుకుంటారంట కదా. మనమూ పక్కనున్న గోరంట్ల టౌను నుంచి తెప్పించుకుందాం మేడం. నేనే పోయి బండిలో తెచ్చుకుంటా" అంది.

మేడం రిజిస్టరు మూసింది. "చెత్తను ఇక్కడికి తేవడమెందుకు తిరుపాలమ్మా, నువ్వే అక్కడికి పో. గోరంట్లలో కొత్త కాలనీకి మనిషి లేదు. ఈ కోటే, ఈ పేరే" అంది. తిరుపాలమ్మ తల ఊపింది. శనివారం వానపాములను హనుమంతప్ప దిబ్బలో వదిలారు. అవి అక్కడ సుఖంగా ఉన్నాయి.

సోమవారం పొద్దున మొదటి బస్సుకే ఆమె గోరంట్లలో దిగింది. కాలనీలో అన్నీ మిద్దె ఇళ్లు, రంగుల గేట్లు. ఈల ఊదిందో లేదో గేట్లన్నీ తెరుచుకుని బకెట్లు బయటికి వచ్చాయి. మొదటి ఇంటామె నాగలక్ష్మి బకెట్ గేటు ముందర పెట్టి లోపలికి పోయింది. తిరుపాలమ్మ మూత తీసి చూసింది. సగం బకెట్ తెల్లటి అన్నం, పైన ఇంత పప్పు. వంగి వాసన చూసింది. తొందరలో బకెట్లు మారిపోయాయనుకుంది. పాపం, ఇంట్లోవాళ్లు పొద్దున టిఫినుకు చూసుకుంటే ఏముంటుంది? బకెట్ రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కి గంట కొట్టింది.

"తల్లీ, మీ అన్నం పొరపాటున బయట పెట్టినారు" అంది.

"పొరపాటు కాదమ్మా, అది చెత్తే. రాత్రి మిగిలింది" అంది నాగలక్ష్మి.

తిరుపాలమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆరు నెలలు ఏ చెత్త కోసం ఇంటింటా దేబిరించిందో అది ఇప్పుడు చేతుల్లో బరువుగా ఉంది. సంతోషం మాత్రం రాలేదు.

"పులవలేదు తల్లీ. నేను వాసన చూసినా" అంది మెల్లగా.

ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఎవరో పారేసుకున్న వస్తువు దొరికిందని చెప్పినట్టు చెప్పి, బకెట్‌ను రెండు చేతులతో ముందుకు చాచి అలాగే నిలబడింది. నాగలక్ష్మి ఆ చేతుల వంక చూసింది, కోటు మీది పేరు వంక చూసింది. తనూ రెండు చేతులు చాచి బకెట్ అందుకుని లోపలికి పోయింది. తలుపు సగమే మూసుకుంది. తిరుపాలమ్మ మెట్లు దిగుతుంటే లోపల నుంచి ఆమె మాట వినిపించింది.

"ఏమండీ, మన వీధిలో ఎనుము ఎవురింట్లో ఉండాది?"